"మహిమ దేవునికే" అనేస్తున్నాం, ఇంతకీ మహిమ అంటే ఏంటి?

ప్రశ్న:
అందరికీ వందనాలు. సూటిగా అడిగేస్తున్నా, తప్పుగా అనుకోకండి. చర్చిలో సాక్ష్యం (దేవుడు నాకు చేసిన మేలు) చెప్పినా పాట పాడినా చివర్లో "మహిమ దేవునికే" అంటాను గానీ లోపల ఏమీ కదలదు. బైబిల్ తీస్తే ఈ అధ్యాయంలో నాకేం వాగ్దానం ఉందా అని వెతుక్కుంటాను, దొరక్కపోతే పేజీ తిప్పేస్తాను. ఇంకోటి, నా మహిమ ఇంకెవరికీ ఇవ్వనని దేవుడు యెషయా 42:8లో అంటాడు. అదే మాట ఒక మనిషి అంటే పొగరు అనమా?

జవాబు 1:
సగం చిక్కు మన తెలుగు పదంలోనే ఉంది బ్రదర్. మహిమ అనగానే మనకి మహిమలు చూపించడం, అద్భుతాలు, వెలుగులు గుర్తొస్తాయి. హెబ్రీలో ఆ పదం కాబోద్, దాని ధాతువుకి బరువు అని అర్థం. 1 సమూయేలు 2వ అధ్యాయంలో యాజకుడైన ఏలీని, నాకంటే నీ కొడుకులకే ఎందుకు ఎక్కువ విలువ ఇచ్చావని దేవుడు అడుగుతాడు, అక్కడి క్రియ ఈ ధాతువు నుంచి వచ్చిందే. 4వ అధ్యాయంలో ఏలీ పడి మెడ విరిగి చనిపోయినప్పుడు ఆయన భారీ మనిషి అని చెప్పే మాటా అదే, ఆ రోజే పుట్టిన మనవడి పేరు ఈకాబోదులోనూ అదే. మన జీవితంలో ఎవరి మాటకి బరువు ఎక్కువ అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

జవాబు 2:
బాగుంది గానీ, మహిమ కనిపించిన ప్రతిచోటా "బరువు" అని పెట్టుకుని చదవకండి అన్నా. ఏలీ కథలో రచయితే కావాలని ఆ మాటతో ఆడుకున్నాడు కాబట్టి అక్కడ కుదిరింది, మిగతాచోట్ల సందర్భమే చెప్పాలి. పొగరు సంగతికి నిర్గమకాండము 33 చూడండి. నీ మహిమ చూపించమని మోషే అడిగితే, నా మంచితనమంతా నీ ముందు దాటిస్తానంటాడు దేవుడు. 34:6లో దాటుతూ ఆయన చెప్పింది కనికరం, దయ, దీర్ఘశాంతం గురించి. చదవగానే అబ్బ, అడిగింది ఒకటి, ఇచ్చింది ఒకటి అనిపిస్తుంది, నిజానికి రెండూ ఒకటే. ఇక యెషయాలో ఆ వచనం పూర్తిగా చదివితే ఆయన వద్దంటున్నది విగ్రహాలకి ఇవ్వడం, ఊపిరి లేనివాటికి.

జవాబు 3:
మరి కానాలో నీళ్లు ద్రాక్షారసం చేసి తన మహిమ బయలుపరిచాడని యోహాను 2:11లో ఉందిగా? అద్భుతమే కదా అది?

జవాబు 2:
అద్భుతమే, కాదనట్లేదు సిస్టర్. యోహాను దాన్ని సూచకక్రియ అంటాడు, అంటే అది ఇంకో చోటికి వేలు చూపిస్తోంది. 12:23లో మనుష్యకుమారుడు, అంటే తానే, మహిమ పొందే గడియ వచ్చిందని యేసు చెప్పి, వెంటనే ఎత్తుకున్నది భూమిలో పడి చచ్చే గోధుమ గింజ సంగతి, అంటే తన చావు సంగతే. సిలువని మహిమ అంటున్నాడు, దీనికి పొగరు అనే మాట ఎలా అతుకుతుందో నాకైతే తెలీదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి. యోహాను 12 మొత్తం చదివాను, ఈసారి నా వాగ్దానం వెతకలేదు. 43వ వచనం దగ్గర ఆగిపోయాను, దేవుని మెప్పుకంటే మనుషుల మెప్పు కోరుకున్న అధికారుల గురించి. గ్రీకులో అక్కడ మెప్పుకీ, మహిమకీ ఒకటే పదమట, డోక్సా. పోయిన వారం సాక్ష్యం చెప్పి కూర్చున్నాక ఎంతమంది ఆమెన్ అన్నారో మనసులో లెక్కపెట్టుకున్నాను. టెన్షన్‌గా ఉంది, ఈ వారం మళ్ళీ చెప్పమన్నారు.