డీజిల్ ఫిల్టర్ మార్చిన దగ్గర్నుంచి కారుతోంది, పొద్దున బండి అందుకోవడం లేదు

గిద్దలూరు_జీపు:
అందరికీ నమస్కారం. మా నాన్న పొలానికి వాడే పాత డీజిల్ జీపు, 2003 మోడల్, పాత రకం పంపు, సెన్సార్లు ఏమీ లేవు. ఈమధ్యే ఊళ్లో డీజిల్ ఫిల్టర్ మార్పించాం. అప్పటి నుంచి బండి ఆన్‌లో ఉన్నంతసేపూ ఫిల్టర్ కింద చుక్కలు పడుతున్నాయి, ఆపితే ఆగుతున్నాయి. పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ స్టార్ట్ కావడం లేదు. మెకానిక్ ఇంకాస్త టైట్ చేసి పంపినా తగ్గలేదు, ఇప్పుడు ఫిల్టర్ హెడ్ (ఫిల్టర్ బిగించే పై భాగం) మొత్తం మార్చాలంటున్నాడు. నిజంగా అవసరమా? ఎం-సీల్ పెడితే ఆగుతుందా?

డీజిల్_బాబాయ్:
ముందు ఎం-సీల్ మాట వదిలెయ్యి తమ్ముడూ, డీజిల్ తడి మీద అది పట్టదు, పట్టినా రేపు ఫిల్టర్ విప్పాలంటే నరకం. హెడ్ కూడా అప్పుడే కొనకు. నువ్వు చెప్పిన రెండు ఇబ్బందులకీ కారణం ఒకటే అయి ఉంటుంది. బండి నడుస్తుంటే, ట్యాంకులోంచి లాగే ఫీడ్ పంపు డీజిల్‌ని ఫిల్టర్‌లోకి నెడుతుంది కాబట్టి సందులోంచి బయటికి కారుతుంది. ఆపాక డీజిల్ మెల్లగా ట్యాంకు వైపు వెనక్కి జారితే అదే సందులోంచి గాలి లోపలికి పోతుంది, అందుకే పొద్దున ఎయిర్ పట్టేసి అందుకోదు.

ఎక్కడ కారుతోందో కచ్చితంగా తెలియకుండా పానా పట్టుకోవద్దు. చుక్క కింద పడుతోంది కదా అని కింద వెతికితే దొరకదు, పైన కారింది కిందికే వస్తుంది. ఇంజన్ చల్లారాక ఫిల్టర్ మొత్తం పొడిగుడ్డతో తుడిచి టాల్కమ్ పౌడర్ చల్లి, ఇంజన్ ఆన్ చేయకుండానే హ్యాండ్ పంపు (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొట్టు. పౌడర్ ఎక్కడ ముందు తడిస్తే అక్కడే ఉంది లీకు. నా అనుమానం మాత్రం ఫిల్టర్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే రబ్బర్ రింగు మీదే. పాత రింగు హెడ్ గాడిలో అతుక్కుపోయి ఉంటే దాని మీదే కొత్తది పెట్టి బిగించేస్తారు, అప్పుడు ఎంత టైట్ చేసినా ఆగదు.

వరంగల్_వర్క్‌షాప్:
బాబాయ్ చెప్పింది కరెక్ట్. ఒకవేళ రింగు దగ్గర కాకుండా పైపులు కలిసే బోల్టు దగ్గర తడిస్తే అది రాగి వాషర్ల పని, బోల్టుకి పైనా కిందా రెండూ మార్చండి, ఖర్చు చాలా తక్కువ. కొత్తవి దొరక్కపోతే పాతవాటినే ఎర్రగా కాల్చి చల్లార్చి వేస్తే మెత్తబడి మళ్లీ పట్టుకుంటాయి, వంకర పోనంతవరకే. టెఫ్లాన్ టేపు చుట్టకండి, దాని పీలికలు పంపులోకి పోతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. ఆ హెడ్ అల్యూమినియం అండీ, బలం పెట్టి బిగిస్తే మర పోతుంది. హెడ్ మార్చాల్సింది మర పోతేనో, పగులు ఉంటేనో, అంతే.

గిద్దలూరు_జీపు:
బాబాయ్, రింగే! పౌడర్ అక్కడే తడిసింది, విప్పి చూస్తే గాడిలో పాతది నల్లగా గట్టిపడి అలాగే ఉంది, పక్కనుంచి చూస్తే హెడ్‌లో భాగమే అనుకుంటాం. తీసేసి గాడి శుభ్రం చేసి కొత్త రింగుకి కాస్త డీజిల్ రాసి పెట్టాను. హ్యాండ్ పంపు కొడితే ఇప్పుడు పొడిగా ఉంది. కానీ బండి అసలు స్టార్ట్ కావడం లేదు, బ్యాటరీ దిగిపోతుందని టెన్షన్‌గా ఉంది.

డీజిల్_బాబాయ్:
సెల్ఫ్ ఆపు, విప్పావు కాబట్టి లోపల గాలి ఉంది. ఫిల్టర్ మీద ఉన్న ఎయిర్ స్క్రూ కొంచెం వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, కారుతుండగానే బిగించు. తర్వాత ఇంజెక్టర్లకి డీజిల్ పంపే మెయిన్ పంపు మీద స్క్రూ దగ్గర కూడా అంతే. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టర్ పైపుల నట్లు నువ్వు ముట్టుకోకు, మెకానిక్‌ని పిలువు. సెల్ఫ్ కొట్టినప్పుడు అక్కడ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, ప్రమాదం. కింద డబ్బా పెట్టుకో, పక్కన బీడీ సిగరెట్ ఎవర్నీ కాల్చనీయకు, సైలెన్సర్ మీదా రబ్బర్ పైపుల మీదా పడిన డీజిల్ తుడిచాకే స్టార్ట్ చెయ్యి.