ఇసుర్రాయి గింజ పగలగొడ్తలేదు: ముందు సీల చూడాల్నా, గంట్లు కొట్టాల్నా?

గట్కబువ్వ (హన్మకొండ):
మక్క గట్క (మక్క రవ్వ) కోసం పాత ఇసుర్రాయి బయటికి తీసినం. పై రాయి అడ్డం 14 అంగుళాలు, మందం 3. మక్కలు పోస్తే సగం గింజలు అట్లనే బయటికొస్తానయి. పై రాయి ఒక దిక్కుకు ఒరిగి తిరుగుతాంది, నడుమ సీల చేత్తో పట్టుకుంటె ఊగుతాంది. రెండు రాళ్ల మొఖాలు అరచెయ్యి జారేంత నున్నగైనయి. సీల చుట్టూ సీసం పొయ్యమంటున్నరు. పొయ్యొచ్చా?

రాయిపని:
సీసం అస్సలు వద్దు. అది మెత్తటి లోహం, రాపిడికి అరిగి పిండిల కలుస్తది, అది విషం.

ముందు సీల, ఆ తర్వాతనే గంట్లు, అంటే నున్నగైన మొఖాల మీద కొట్టే గాట్లు. సీల ఊగంగ గంట్లు కొడితే రాయి మళ్ల ఆ దిక్కే ఒరిగి, కొత్త గంట్లు అక్కడనే అరిగిపోతయి.

పాత సీల పీకి గుంతల మట్టి గీకుండ్రి. బాగ ఎండిన తుమ్మకట్టెను గుంతకు బిర్రుగ పట్టేటట్టు చెక్కి దించి, దాని నడుమ సీలకన్న సన్నగ బొక్క చేసి సీల కొట్టాలె. పచ్చి కట్టె ఎండంగనే ముడుచుకుంటది, సీల మళ్ల వదులైతది. మరీ బలంగ బాదితే కింది రాయి పగుల్తది, జాగ్రత్త. సీల నిటారుగ ఉందా అంటే, దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి రెండు దిక్కుల నుంచి చూడుండ్రి.

ఇగ గంట్లు. జాజు (ఎర్రమన్ను) నీళ్లల్ల కలిపి కింది రాయికి పల్చగ పూసి ఆరనియ్యుండ్రి. పై రాయి పెట్టి నాలుగు చుట్లు తిప్పి ఎత్తితే, పై రాయికి ఎర్రగ అంటిన చోట్లే ఎత్తు. ముందు వాటినే శానం (ఉలి) తోని దించాలె. అంచు పొంట రెండు అంగుళాల పట్టీ అంతట ఒక్క తీరుగ ఎర్రబడేదాక ఇదే పని. తర్వాత మొఖమంత గంట్లు: లోతు బియ్యపుగింజ మందం, నడుమ నడుమ వేలు మందం ఎడం. అంచుకాడ మాత్రం పైపైన, దగ్గర దగ్గరగ. గింజ పోసే బొక్క చుట్టు మక్కగింజ దూరేంత సందు ఉండాలె. గింజ పగిలేది అక్కడ, నలిగేది అంచుల. మీ రాయి గింజ వదులుతాందంటే అంచు ఒక దిక్కు తేలి ఉన్నట్టే.

చాటచెరుగు:
ఒక మాట కలుపుత. గంట్లు ఇంట్ల కొట్టొద్దు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తులల్ల చేరితే పోదు. బయట కూసొని, రాయిని తడుపుకుంట, ముక్కుకు మాస్కు, కండ్లకు అద్దాలు పెట్టుకొని కొట్టుండ్రి.

గట్కకు పిండి అంత దగ్గరగ రాళ్లు ఆనొద్దు. సీలకు తోలు బిళ్ల ఒకటి తొడిగితే పై రాయి కొంచెం లేస్తది, పలుకులు వస్తయి. బిళ్ల తీస్తే పిండి. పిడికెడు గింజ కన్న ఎక్కువ పోస్తే, ఎంత మంచి రాయైనా పైకి లేచి గింజ వదుల్తది.

గట్కబువ్వ:
సరే అక్కా, ముందు సీల పని పెట్టుకుంటం. గంట్లు కొట్టినంక రాతిపొడి ఎట్ల పోవాలె? మక్కలు తడిపి ఇసరాల్నా?

చాటచెరుగు:
గట్టి చీపిరితోని ఊడ్చి, కడిగి రెండు దినాలు ఎండల పెట్టుండ్రి. తర్వాత కిలో నూకలు మూడు విడుతలుగ ఇసిరి పారెయ్యాలె. కోళ్లకు కూడ వెయ్యొద్దు. మూడో విడుత పిండి వేళ్లనడుమ నలిపితే గరగర అనిపించొద్దు, అనిపిస్తే ఇంకోసారి ఇసరాలె.

మక్కలకు నీళ్లు చల్లి దంచి పొట్టు తీసినంక నీడల ఆరబెట్టే ఇసరాలె. తడి గింజ గంట్లల్ల మెత్తుకపోయి, అర గంటల రాయి మళ్ల నున్నగైనట్టే తిరుగుతది.