హ్యాచ్‌బ్యాక్ చాలా, కాంపాక్ట్ ఎస్‌యూవీనే కావాలా? బాలెనో, ఫ్రాంక్స్ మధ్య తేల్చండి

కొత్తస్టీరింగ్
ఆన్‌రోడ్ 11 లక్షల్లో పెట్రోల్ కారు తీసుకోవాలి. మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ, రానూపోనూ రోజుకి 32 కి.మీ. రెండు నెలలకోసారి ఊరు. సూర్యాపేట దగ్గర హైవే దిగి 14 కి.మీ. లోపలికి పోవాలి, ఆ దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్నవే. మారుతి హ్యాచ్‌బ్యాక్ బాలెనో 1.2 లీటర్, మారుతిదే కాంపాక్ట్ ఎస్‌యూవీ ఫ్రాంక్స్ 1.2 చూశాను. టాటా ఎస్‌యూవీ నెక్సాన్ కూడా చూడమని బంధువులు చంపుతున్నారు. ఏది తీసుకోమంటారు?

మిర్చిబజ్జీ
ఈ నెలలో ఇది నాలుగో పంచాయితీ.

పదీపన్నెండు పానా
ఫ్రాంక్స్ అంటే మడమలెత్తి నిలబడ్డ బాలెనో. ప్లాట్‌ఫామ్ ఒకటే, 1.2 ఇంజను ఒకటే, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండింటికీ 2,520 మి.మీ. పొడవు 3,990, 3,995. తేడా అల్లా గ్రౌండ్ క్లియరెన్సే (నేలకీ కారు పొట్టకీ మధ్య ఎత్తు), 170కి 190.

ఆ 20 మి.మీ. ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. బాలెనో పై మోడళ్ల టైరు 195/55 ఆర్16, బయటి వ్యాసం సుమారు 621 మి.మీ. ఫ్రాంక్స్‌ది 195/60 ఆర్16, సుమారు 640. తేడాలో సగం కారు కిందికి వస్తుంది, అంటే 10 మి.మీ. టైరుదే. మిగతా పదీ స్ప్రింగులది. దీనికి ఎస్‌యూవీ అని పేరు.

పొట్ట తగలడం అనేది ఎత్తు ఒక్కదాని మీదే ఉండదు, రెండు చక్రాల మధ్య దూరం మీద కూడా ఉంటుంది. పొట్ట తగలకుండా ఎంత కోణం ఉన్న గుట్ట దాటగలదో లెక్క కడితే బాలెనోకి 15 డిగ్రీల పైచిలుకు, ఫ్రాంక్స్‌కి 17, నెక్సాన్‌కి (208 మి.మీ., వీల్‌బేస్ 2,498) దాదాపు 19. బాలెనో నుంచి ఫ్రాంక్స్‌కి మారితే దొరికేది రెండు డిగ్రీలు. ఆ డబ్బు ఆరు నెలల పెట్రోలుకి పెట్టుకోండి.

ఘాట్‌రోడ్డు
పానా అన్నా, లెక్క బాగుంది గానీ అది ఖాళీ కారుకి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, పైన 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. దాని మీద 2,520 వీల్‌బేస్ కారు నిలబడితే మధ్యలో లేచేది 47 మి.మీ. మాత్రమే. ఏ కారుకీ తగలదు. మన ఊళ్లో పోసేది ఏంటి? రెండడుగుల వెడల్పు, అర అడుగు ఎత్తు సిమెంటు దిమ్మ. అది రెండు చక్రాల మధ్యకి వస్తే 150 మి.మీ. మొత్తం కావాలి. ఐదుగురు ఎక్కి, డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా పడితే 30, 35 మి.మీ. దిగుతుంది. బాలెనోకి మిగిలేది 135, గీరుకుంటుంది. ఫ్రాంక్స్‌కి 155, దాటుతుంది. మీరు తీసిపారేసిన ఆ 20 మి.మీ. సరిగ్గా అక్కడే పనిచేస్తుంది.

నమ్మకపోతే చదునైన నేల మీద కారు పెట్టి, నేల నుంచి కింది భాగానికి టేపు పెట్టండి. నలుగుర్ని ఎక్కించి మళ్లీ కొలవండి.

పదీపన్నెండు పానా
గీరుకున్న శబ్దం వినగానే ఆయిల్ చాంబర్ పోయిందని గుండె పట్టుకుంటారు. చాలాసార్లు తగిలేది ముందు బంపర్ కింద రబ్బరు అంచు. మెత్తటిది, తగలడానికే పెట్టారు.

నడపడంలో కూడా ఉంది. బ్రేకర్ ఎక్కుతూ బ్రేకు తొక్కి ఉంచితే ముక్కు కిందికి వంగుతుంది. ముందే వేగం తగ్గించి, చక్రం ఎక్కే క్షణానికి బ్రేకు వదిలేయాలి. రోడ్డు ఖాళీగా ఉంటే కొంచెం ఐమూలగా పోనివ్వాలి, ఒక్కో చక్రం ఎక్కుతుంది, రెండు చక్రాలూ ఒకేసారి దిగవు. మరీ మొండి దిమ్మ అయితే వెనక కూర్చున్నవాళ్లని దింపితే సరి.

మిర్చిబజ్జీ
14 కిలోమీటర్లలో 20 బ్రేకర్లు. అత్తగారు కారు వెనకాలే నడిచి వస్తారు.

ఈఎంఐ బాధితుడు
ఎస్‌యూవీకి ట్యాక్సు ఎక్కువ కదా, ఆ మాట ఎవరూ ఎత్తరేం?

సెల్లార్ పిల్లర్
కాదండీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ (డీజిలైతే 1,500) ఉంటే 18 శాతం జీఎస్టీ, సెస్ లేదు. ఆకారం హ్యాచా, ఎస్‌యూవీనా అని అడగరు. బాలెనో, ఫ్రాంక్స్, నెక్సాన్ పెట్రోల్ అన్నీ అందులోకే వస్తాయి. బ్రెజా పొడవు 4 మీటర్ల లోపే అయినా ఇంజను 1,462 సీసీ, అందుకని 40 శాతం.

చూసుకోవాల్సింది 10 లక్షల గీత. ఎక్స్‌షోరూమ్ అది దాటితే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ పై శ్లాబులోకి పోతుంది, పైగా 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసే ఆదాయపన్ను). టీసీఎస్ ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు, లైఫ్ ట్యాక్స్ మాత్రం పోయినట్టే. మీ పేరు మీద ఇంతకుముందే కారు ఉంటే ఇంకో 2 శాతం కలుపుకోండి.

పెట్రోలు సంగతి అసలు పట్టించుకోకండి. కంపెనీ లెక్కలో మాన్యువల్ బాలెనో లీటరుకి 22.35 కి.మీ., ఫ్రాంక్స్ 21.79. ఏడాదికి 12,000 కి.మీ. తిరిగితే తేడా 14 లీటర్లు.

పదీపన్నెండు పానా
అంత ఎత్తు కావాలంటే బాలెనోకే 195/60 ఆర్16 వేయించండి. 10 మి.మీ. అక్కడే వచ్చేస్తుంది.

ఘాట్‌రోడ్డు
ఇది మాత్రం తప్పు సలహా. వ్యాసం 3.1 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 100 చూపించినప్పుడు అసలు వేగం పాత టైర్లతో ఉన్నదానికంటే 3 శాతం ఎక్కువ. ఓడోమీటర్ తక్కువ తిరుగుతుంది, మైలేజీ పడిపోయిందని నువ్వే బెంగపడతావు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుంతలో దిగితే చక్రం పైన లోపలి వైపుండే లైనర్‌కి (ప్లాస్టిక్ తొడుగు) టైరు రాసుకోవచ్చు. యాక్సిడెంట్ క్లెయిమ్‌లో సర్వేయర్ టైరు సైజు రాసుకుంటాడు, గుర్తుంచుకోండి.

పదీపన్నెండు పానా
3 శాతం వరకు అందరూ ఒప్పుకునేదే.

ఘాట్‌రోడ్డు
3.1 అన్నాను.

పదీపన్నెండు పానా
టైరు అరిగేసరికి ఆ 0.1 పోతుంది స్వామీ! కొత్త టైరు గాడుల లోతు 8 మి.మీ., అరిగాక 2 కూడా ఉండదు, అంటే వ్యాసంలోనే 12 మి.మీ. పోయింది. అప్పుడు మీ స్పీడోమీటర్ తప్పు చూపించట్లేదా?

నాలుగో గేరు
స్ప్రింగుల మధ్య రబ్బరు స్పేసర్లు వేస్తే?

ఘాట్‌రోడ్డు
వద్దు. పనిచేసే చుట్టు ఒకటి బిగుసుకుపోయి స్ప్రింగు గట్టిపడుతుంది. షాకప్ తిరిగి లాగే పని పెరిగి సీలు కారుతుంది, డ్రైవ్ షాఫ్ట్ కోణం మారి దాని రబ్బరు తొడుగు (బూటు) చిరుగుతుంది. ఆ తర్వాత వచ్చే చప్పుడు ఎక్కడిదో ఏ మెకానిక్కూ చెప్పలేడు.

పదీపన్నెండు పానా
హమ్మయ్య, ఒక్కదాంట్లో కలిశాం. కానీ నెక్సాన్ అనకండి. వెడల్పు 1,804, బరువు 1,200 కిలోల పైన. మియాపూర్ సందుల్లో నలుగురి దారికీ అడ్డం. ఒకడు ఎత్తు కారు కొన్నాడని పక్కవాడు, వాడి వెనక ఇంకొకడు. రాత్రి ఎదురొచ్చే హెడ్‌లైట్లన్నీ కళ్లలోకే.

ఘాట్‌రోడ్డు
లైటు కళ్లలో పడటానికి కారు ఎత్తు కంటే లెవెలింగ్ చక్రం ముట్టని డ్రైవరే కారణం. వెనక నలుగురు ఎక్కితే ముందు లైట్లు పైకి లేస్తాయి, డాష్‌బోర్డు మీద ఆ చక్రం 0 నుంచి 2కి తిప్పాలి. హ్యాచ్‌వాళ్లు కూడా తిప్పరు.

మొన్న సర్వీస్ సెంటర్లో అండర్‌కోటింగ్ అని 5 వేలు గుంజి, చాంబర్ మీద పడ్డ గీతల పైనే నల్లరంగు పూశారు. ఎత్తుంటే ఆ గీతలే పడవు. మీరు బ్రేకర్లు లేని ఊళ్లో ఉన్నారేమో, మాకు నీతులు చెప్పొద్దు.

పదీపన్నెండు పానా
రోడ్డు వేసినవాణ్ని వదిలేసి కారు ఎత్తు పెంచుకోమంటారు. బాగుంది.

సెల్లార్ పిల్లర్
ఇద్దరూ కాస్త ఆగండి. కొత్తస్టీరింగ్ గారూ, రోజూ నడిపేది ఎవరు? అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ ఎక్కడ?

కొత్తస్టీరింగ్
చెప్పడం మర్చిపోయాను. నాకు ఆఫీసు బస్సుంది. రోజూ నడిపేది మా ఆవిడ. ఎత్తు ఐదడుగులే, రద్దీలో క్లచ్ తొక్కలేనంటోంది, ఆటోమేటిక్ కావాలి. ఊరికి వెళ్లినప్పుడే నేను నడుపుతా. పార్కింగ్ సెల్లార్లో, రెండు స్తంభాల మధ్య ఒక్క కారుకే చోటు. మా అత్తగారు మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పులు. కింద ఉన్న సీట్లోంచి లేవలేరు.

మిర్చిబజ్జీ
రెండు రోజులుగా బ్రేకర్ల మీద కొట్టుకున్నాం.

సెల్లార్ పిల్లర్
స్తంభాల మధ్య కొలిచారా?

కొత్తస్టీరింగ్
ఇప్పుడే కొలిచి వచ్చా. 2,300 మి.మీ.

సెల్లార్ పిల్లర్
అయితే వినండి. ఎడమ వైపు స్తంభానికి 100 మి.మీ. వదిలి ఆనించి పెట్టారనుకుందాం. డ్రైవర్ వైపు మిగిలేది బాలెనోకి (1,745) 455, ఫ్రాంక్స్‌కి (1,765) 435, నెక్సాన్‌కి 396. ఇందులోంచి తలుపు మందం తీసేయండి. రోజుకి రెండుసార్లు మీ ఆవిడ పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి దిగాలి.

వ్యాగన్‌ఆర్ వెడల్పు 1,620. మిగిలేది 580. ఎత్తు 1,675 కాబట్టి సీటూ ఎత్తే, అత్తగారు వంగి దిగబడక్కర్లేదు, ఐదడుగుల మనిషికి బానెట్ అంచు కనిపిస్తుంది. డిక్కీ 341 లీటర్లు, బాలెనో 318, ఫ్రాంక్స్ 308.

నాలుగో గేరు
వ్యాగన్‌ఆరా? 11 లక్షల బడ్జెట్టు పెట్టుకుని?

కొత్తస్టీరింగ్
సార్, నిజం చెప్తా. ఊళ్లో దిగితే క్యాబ్ వచ్చిందంటారు. మా బావమరిది మొన్ననే పెద్ద కారు తీశాడు.

పదీపన్నెండు పానా
అదీ సంగతి! గ్రౌండ్ క్లియరెన్స్ గ్రౌండ్ క్లియరెన్స్ అని మొదటి రోజు నుంచి అరుస్తున్నది బావమరిది అన్నమాట. వ్యాగన్‌ఆర్ 165 మి.మీ., వీల్‌బేస్ 2,435, కోణం చూస్తే బాలెనో అంతే.

ఘాట్‌రోడ్డు
పరువు సంగతి పక్కన పెట్టండి. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే కారు భద్రత పరీక్షల సంస్థ వ్యాగన్‌ఆర్‌ని గుద్ది చూస్తే పెద్దలకి ఒక స్టారు, పిల్లలకి సున్నా. బాడీ స్థిరంగా లేదని రాశారు. అది రెండు ఎయిర్‌బ్యాగుల కారు. బ్యాగులు పెంచితే బాడీ గట్టిపడదు. సూర్యాపేట దాకా నడిపేది విజయవాడ హైవే మీద, లారీల మధ్య. నెక్సాన్‌కి 2018లోనే ఐదు స్టార్లు. నేను ఎత్తు కారు అని మొత్తుకుంటున్నది ఇందుకే. గీతలదేముంది, రంగు పోతుంది. ఇందాక ఈ మాటే ముందు చెప్పాల్సింది.

పదీపన్నెండు పానా
ఎత్తుకీ స్టార్లకీ సంబంధం లేదు. టాటా ఆల్ట్రోజ్ హ్యాచే, 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చింది. ఆ సంగతి మీకూ తెలుసు.

సెల్లార్ పిల్లర్
ఆల్ట్రోజ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. వీళ్ల సెల్లార్లో స్తంభం ఒప్పుకోదు, వెడల్పు 1,755.

ఘాట్‌రోడ్డు గారి మాట నిజమే, హైవే మీద నేను కూడా వ్యాగన్‌ఆర్ వైపు చెప్పను. దారి ఉంది. అత్తగార్ని ర్యాంపు పైన దింపి, మీ ఆవిడ ఒక్కరే కారుని సెల్లార్లోకి తీసుకెళ్లాలి. అప్పుడు ఎడమ వైపు తలుపులతో పనే లేదు, 100 మి.మీ. చాలు. మిగిలేది డ్రైవర్ తలుపు ఒక్కటే. కాబట్టి మీ ఆవిడ్ని షోరూమ్‌కి తీసుకెళ్లి, కారు పక్కన 43 సెం.మీ. దూరంలో మీరు స్తంభంలా నిలబడి దిగమనండి. దిగగలిగితే ఫ్రాంక్స్.

సీటుకి ఇంకో కొలత. ఇంట్లో అత్తగారు చెయ్యి ఆసరా లేకుండా లేచే కుర్చీ ఎత్తు నేల నుంచి కొలిచి రాసుకోండి. షోరూమ్‌లో ప్రతి కారు ముందు సీటు అంచు నేల నుంచి ఎంతో కొలవండి. బ్రోషర్లో ఈ అంకె ఉండదు. బయట గుమ్మం పట్టీ ఎంత వెడల్పుందో కూడా చూడండి, కాలు దాని మీదుగా తియ్యలేకే పెద్దవాళ్లు ఇబ్బంది పడేది.

పదీపన్నెండు పానా
ఆటోమేటిక్ అంటున్నారు కాబట్టి చెప్తున్నా. 1.2లో దొరికేది ఏఎంటీ, అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ మాత్రం మోటారు తొక్కుతుంది. సెల్లార్ ర్యాంపు మీద ముందు కారు ఆగితే యాక్సిలరేటర్‌తో నిలబెట్టకూడదు, క్లచ్ ప్లేటు మాడి వాసనొస్తుంది. బ్రేకు మీద ఆపి, లీవర్ మాన్యువల్‌లోకి తోసి ఒకటో గేరులో ఎక్కించాలి. టెస్ట్ డ్రైవ్ మీ సెల్లార్ ర్యాంపు మీదే అడగండి, నలుగుర్ని ఎక్కించుకుని. ర్యాంపు నెత్తిన పొట్ట తగులుతుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

ఘాట్‌రోడ్డు
తగిలితే ఫ్రాంక్స్ అని పానా అన్నే రాయాలి ఇక్కడ.

పదీపన్నెండు పానా
తగిలితే రాస్తా.

కొత్తస్టీరింగ్
శనివారం పొద్దున రెండు కార్లూ ఇంటికే తెప్పిస్తున్నా. కుర్చీ 51 సెం.మీ. వచ్చింది. బావమరిదికి చెప్పలేదు.

నాలుగో గేరు
ఇంతకీ బాలెనోకి 195/60 వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? స్టీరింగ్ ఫుల్ లాక్‌లో (పూర్తిగా తిప్పి) వెనక్కి తిప్పితే లైనర్‌కి రాసుకుంటోందా?