దార్ ఎస్ సలామ్ వెళ్తున్నాం, స్వాహిలి ఎలా మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి కోడలు:
మా ఆయనకి టాంజానియాలో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో దార్ ఎస్ సలామ్ వెళ్తున్నాం. ఆఫీసులో ఇంగ్లిష్ సరిపోతుందట, ఆయనకేం! కూరగాయలు కొనేది, పనమ్మాయితో మాట్లాడేది నేను కదా. అమీర్‌పేటలో జర్మన్ నేర్పేవాళ్లు దొరికారు గానీ స్వాహిలి నేర్పేవాళ్లు కనబడలేదు. టెన్షన్‌గా ఉంది.

మియాపూర్ మామయ్య:
మేం అక్కడ కొన్నేళ్లుండి వచ్చాం. టెన్షన్ ఎందుకమ్మా? ఇంగ్లిష్ అక్షరాలే, దాదాపు రాసినట్టే పలుకుతారు. మాటలు మనలాగే అచ్చుతో ముగుస్తాయి. ముందు అంకెలు పట్టండి, కరియాకో మార్కెట్‌లో బేరమంతా వాటితోనే. తర్వాత టైం. వాళ్ల లెక్క పొద్దున ఆరు నుంచి మొదలు, అంటే మన ఏడు వాళ్లకి ఒకటి. ప్లంబర్ స్వాహిలిలో పొద్దున మూడింటికి వస్తానంటే తొమ్మిదికి తలుపు కొడతాడు! పలకరింపులు లేకుండా నేరుగా ధర అడక్కండి, మర్యాదగా ఉండదు. పెద్దవాళ్లకి 'షికమో' చెప్పాలి. మా ఆవిడ ఇది బాగా పట్టేసింది, కొసరు టమాటాలు ఆవిడకే వేసేవాళ్లు.

నైలు నీళ్లు:
వ్యాకరణం సంగతి చెప్పలేదేం మామయ్యా? నామవాచకాలకి తరగతులుంటాయి, విశేషణం, క్రియ మొదట్లో వచ్చే అక్షరాలు వాటిని బట్టి మారతాయి. అసలు తలనొప్పి అదే. మొదట్లో దాని జోలికి పోకండి. బీబీసీ స్వాహిలి వార్తలు వింటూ ఉండండి. కిసుటు వైపు గుజరాతీల కొట్లలోనే తిరిగితే మాత్రం హిందీతో గడిచిపోతుంది, స్వాహిలి ఎప్పటికీ రాదు.

కూకట్‌పల్లి కోడలు:
థాంక్సండీ ఇద్దరికీ. కుక్కర్ గాస్కెట్లు ఇక్కడే కొనుక్కోనా?

మియాపూర్ మామయ్య:
కొనుక్కోమ్మా. రెండు ఎక్కువే పెట్టుకో.