అప్‌డేట్: అమ్మకు పెట్టిన నొప్పి పంపు

పెద్దపేగు ఆపరేషన్ తర్వాత అమ్మ తానే బటన్ నొక్కి మార్ఫిన్ ఎక్కించుకునే పంపు పెడతామన్నారు, డోసు ఎక్కువైపోదా అని అడిగాను కదా. పెట్టారు, తీసేశారు కూడా. అమ్మ ఇంటికొచ్చింది.

మత్తు డాక్టరు గారు ముందే వివరంగా చెప్పారు. ఒకసారి నొక్కితే 1 మిల్లీగ్రామ్. ఆ తర్వాత 5 నిమిషాల దాకా ఎన్నిసార్లు నొక్కినా చుక్క కూడా రాదు. ఎన్నిసార్లు నొక్కారు, ఎన్నిసార్లు మందు వెళ్లింది అనేది పంపులోనే నమోదవుతుంది. ఈ రెండిటికీ తేడా బాగా ఉంటే డోసు చాలట్లేదేమో అని చూస్తారట.

అమ్మ మూలుగుతుంటే పిన్ని జాలిపడి బటన్ అందుకోబోయింది. నర్సమ్మ గట్టిగా ఆపేసింది. మత్తు ఎక్కువైతే రోగి నిద్రలోకి జారి నొక్కడం మానేస్తారు, అదే అసలు రక్షణ. పక్కవాళ్లు నొక్కితే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

వికారం, ఒళ్లంతా దురద మాత్రం అమ్మను బాగా ఇబ్బంది పెట్టాయి. వికారానికి ఇంజెక్షన్ ఇచ్చారు. దగ్గడానికి, లేచి నడవడానికి కాస్త ముందే నొక్కుకోమన్న సలహా ఎంతో పనికొచ్చింది. ఇప్పుడు పారాసెటమాల్ మాత్రలతోనే గడుస్తోంది. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.