వేరే మతం పొరుగువారితో శుభాకాంక్షలు దాటి ముందుకెళ్ళడం ఎలా?

ప్రశ్న:
మా పై అంతస్తులో ఉండే కుటుంబానిది వేరే మతం. పండగలకు శుభాకాంక్షలు చెప్పుకుంటాం, మెట్ల మీద ఎదురైతే నవ్వుకుంటాం, అంతే. పిల్లలు మాత్రం కలిసే ఆడుకుంటారు. "వాళ్ళు పగలంతా మంచినీళ్ళు కూడా ఎందుకు తాగట్లేదమ్మా?" అని మా పాప అడిగితే వాళ్ళనే అడగాలనిపించింది. నమ్మకాల గురించి అడిగితే నొచ్చుకుంటారా?

జవాబు 1:
నిజమైన ఆసక్తితో అడిగితే నొచ్చుకునేవాళ్ళు తక్కువండీ. "మీ మతంలో ఇలా ఎందుకు?" అనే కన్నా "మీ ఇంట్లో ఎలా చేస్తారు?" అనడం మేలు. ఒకే మతంలోనూ ఇంటికో పద్ధతి ఉంటుంది కదా.

ఇంకో మాట. పక్కపక్కనే బతికినంత మాత్రాన దురభిప్రాయాలు పోవని, సమాన హోదాతో ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేస్తే తగ్గుతాయని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పారు. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు 515 అధ్యయనాలను కలిపి చూస్తే, పరిచయం పెరిగినచోట సాధారణంగా దురభిప్రాయం తగ్గినట్టే తేలింది. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ 'కలిసి పని'. నీళ్ళ సమస్యో, మొక్కల పెంపకమో, ఏదో ఒకటి రెండు కుటుంబాలూ భుజాన వేసుకోండి.

జవాబు 2:
ఆఫీసులో షిఫ్టులు వేసేది నేనే. రంజాన్ చాంద్రమానం ప్రకారం ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. ఆ తేదీలూ, మిగతావాళ్ళ పండగలూ ముందే క్యాలెండర్‌లో రాసుకుంటాను. ఇప్పుడు సహోద్యోగులే ఒకరి సెలవుకు ఒకరు డ్యూటీ సర్దుకుంటున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పార్కింగ్ పక్క ఖాళీ జాగాలో మొక్కలు వేద్దామని పై అంతస్తు వాళ్ళాయన ఎప్పుడో అన్నారు. ఈ ఆదివారం వెళ్ళి మాట్లాడతాను. నీళ్ళు ఎవరు ఏ రోజు పోయాలో కూడా అప్పుడే అనుకుంటాం.