జారిపోని క్యాన్ ఓపెనర్ ఏది?

ప్రశ్న: మా ఓపెనర్ సగం దాకా బాగానే తిరిగి ఆ తర్వాత పట్టు వదిలేస్తోంది, చివరికి స్పూన్‌తో మూత పైకెత్తాల్సి వస్తోంది. నాలుగు కాలాలు ఉండేది ఏది? కరెంటుది కొనమంటారా?

జవాబు: కరెంటుది వద్దండి, చోటు దండగ. చేత్తో తిప్పేదే తీసుకోండి, కానీ కొనేటప్పుడు అందరూ బ్లేడు చూస్తారు, చూడాల్సింది దాని కింద ఉండే పళ్ల చక్రం. డబ్బా అంచుని పట్టుకుని తిప్పేది అదే. పళ్లు అరిగినా, మధ్యలో జిడ్డు పేరుకున్నా జారుతుంది. కోసే చక్రానికి 1870లోనే పేటెంట్ వచ్చింది, ఈ పళ్ల చక్రం 1925లో తోడైంది, పని సులువైంది దాంతోనే.

జవాబు: ముందు పాతదాన్ని వేడినీళ్లలో నానబెట్టి టూత్‌బ్రష్‌తో రుద్ది చూడండి. సగం ఓపెనర్లకి అదే మందు.

జవాబు: నా ఓటు పక్క నుంచి కోసే రకానికి. అంచు నున్నగా వస్తుంది, మూత లోపలికి పడదు. కాకపోతే సొట్టపడ్డ అంచుని సరిగ్గా పట్టదు, మొదట్లో తెగిందో లేదో కూడా తెలీదు. పిడి మాత్రం లావుగా ఉన్నదే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: చక్రం చూశాను, పళ్లు నున్నగా అరిగిపోయాయి. ఇక కొత్తదే.